గాలి ఆడాలి, వెచ్చదనం నిలవాలి

“తలుపు మూస్తే లోపల గాలి ఆడదు. తీస్తే చలి కొడుతుంది. పుట్టగొడుగులకు రెండూ పడవంటారు. మరి జనవరి రాత్రి ఆ తలుపుని ఏం చెయ్యమంటారు?”

గోదావరి డెల్టాలో ఇంటి వెనక చిన్న గదిలోనో, తాటాకు పాకలోనో పాల పుట్టగొడుగులు పెంచేవాళ్లు అడిగే ప్రశ్న ఇది. “కాస్త తీసి, కాస్త మూసి ఉంచండి” అన్నది మామూలుగా దొరికే జవాబు. అది తప్పు కాదు గానీ, దానితో ఎవరికీ పని జరగదు. ఎంత తీయాలి? ఏ వేళ తీయాలి? తీసినప్పుడు నిజంగా పోయేదేమిటి? ఈ మూడింటికీ లెక్క ఉంది. గుణకారం, భాగహారం వస్తే చాలు, ఎవరైనా వేసుకోవచ్చు.

ఈ నేలకు వరిగడ్డి కరువు లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారాక, కాలక్రమంలో సార్వా, దాళ్వా అని రెండు పంటలు ఇక్కడ కుదురుకున్నాయి. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో అవుతాయి. అంటే మంచి కొత్త గడ్డి చేతికొచ్చే రోజులూ, చలి మొదలయ్యే రోజులూ ఒకటే. పాల పుట్టగొడుగేమో వేడి నేలల జీవి. బెంగాల్లో దొరికిన ఈ జాతిని 1974లో పుర్కాయస్థ, చంద్ర అనే శాస్త్రవేత్తలు వర్ణించి కాలోసైబ్ ఇండికా అని పేరు పెట్టారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఏపీకే-2 అనే రకాన్ని విడుదల చేసింది. 30 నుంచి 35 డిగ్రీల వేడి దీనికి ఇష్టం. 25 దాకా దిగితే మందగిస్తుంది. మన డెల్టాలో ఏడాదిలో ఎక్కువ భాగం దానికి నచ్చే వాతావరణమే. చిక్కంతా డిసెంబరు, జనవరి రాత్రులతోనే. రాజమండ్రి చుట్టుపక్కల అప్పుడు 18, 19 డిగ్రీలకు పడిపోతుంది. మధ్యాహ్నానికి మళ్లీ 28, 29కి చేరుతుంది.

ఆ రెండు నెలలూ ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు మారిపోవడం తెలివైన పనే. అవి 20, 28 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి. కానీ వాటికీ గాలి కావాలి కనుక, ఈ లెక్క అలా మారినవాళ్లకూ అక్కరకొస్తుంది.

గడ్డి తిని ఊపిరి వదిలే జీవి

పుట్టగొడుగు మొక్క కాదు. దానికి ఆకుపచ్చదనం లేదు, ఎండతో వంట చేసుకోలేదు. సంచిలో వేసిన గడ్డిని తెల్లటి తీగెలతో అల్లుకుని, దాన్ని కరిగించి తింటుంది. మనలాగే ప్రాణవాయువును పీల్చి, బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును వదులుతుంది. ఆ పనిలో నీరూ, వేడీ కూడా పుడతాయి.

ఎంత పుడతాయి? గడ్డిలోని పీచు పదార్థం ఒక కిలో పూర్తిగా అరిగిపోతే సుమారు 1.6 కిలోల బొగ్గుపులుసు వాయువు, అరలీటరుకు కాస్త పైగా నీరు వస్తాయి. ఒక కిలో నుంచి కిలోన్నరకు పైగా వాయువు ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. గాలిలోని ప్రాణవాయువు వచ్చి దానిలో చేరింది, ఆ బరువూ కలిసింది. వేడి లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఆ కిలో పీచును పొయ్యిలో పెట్టి కాల్చినా, శిలీంధ్రం తిన్నా పుట్టే వేడి మొత్తం ఒకటే. కరెంటు లెక్కలో చెబితే నాలుగున్నర యూనిట్లకు కాస్త ఎక్కువ. పొయ్యిలో నిమిషాల్లో అయ్యేది సంచిలో వారాల తరబడి జరుగుతుంది, అంతే తేడా.

ఇప్పుడొక గదిని ఊహించుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 9. అందులో పట్టే గాలి దాదాపు 30 వేల లీటర్లు. సంచుల్లో 100 కిలోల ఎండుగడ్డి ఉందనుకోండి. పంట కాలం 50 రోజుల్లో అందులో 40 కిలోలు ఊపిరి రూపంలో ఖర్చవుతుందనుకుందాం. రోజుకు 800 గ్రాములు. దాని నుంచి రోజుకు 700 లీటర్ల బొగ్గుపులుసు వాయువు, అంటే గంటకు సుమారు 30 లీటర్లు వస్తుంది. 30 వేల లీటర్ల గదిలో 30 లీటర్లంటే వెయ్యికి ఒక వంతు.

బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల వంతులకు 420 వంతులు ఉంటుంది. దీన్నే 420 పీపీఎం అంటారు. మన గదిని పూర్తిగా బిగిస్తే గంట గంటకూ దానిమీద మరో 1,000 చేరుతూ పోతుంది. రాత్రి ఎనిమిదికి మూసి ఉదయం ఆరుకు తీస్తే పది వేలు దాటుతుంది. నిజానికి ఏ గదీ అంత బిగువుగా ఉండదు, సందుల్లోంచి కొంత పోతూనే ఉంటుంది. అయినా లెక్క ఏ వైపు నడుస్తోందో ఇది చెబుతుంది.

వేడి సంగతి? రోజుకు 800 గ్రాముల లెక్కన ఆ సంచులన్నీ కలిసి దాదాపు 150 వాట్ల వేడిని రాత్రింబవళ్లు ఇస్తూనే ఉంటాయి. అన్ని రోజులూ ఒకేలా ఉండదు. తెల్ల తీగెలు జోరుగా అల్లుకునే రోజుల్లో ఎక్కువ, చివర్లో తక్కువ. ఏమైనా ఆ గదిలో మనల్ని కట్టెలు అడగని పొయ్యి ఒకటి ముందే ఉంది. దాని వేడిని నిలుపుకోగలిగితే సగం పని అయినట్టే.

కాడ సాగితే

ఇక్కడ ఒక ఊరట. పంట కాలమంతా ఒకే రకం గాలి అక్కర్లేదు. స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) వేశాక మొదటి ఇరవై రోజులు, అంటే తీగెలు గడ్డిని అల్లుకునే దశలో, శిలీంధ్రం బొగ్గుపులుసు వాయువును బయటి గాలిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఉన్నా ఓర్చుకుంటుంది. అది సహజంగా ఉండేది కుళ్లుతున్న చెత్త లోపల, మట్టి అడుగున. అక్కడ గాలి ఎప్పుడూ అలాగే ఉంటుంది. కాబట్టి ఈ ఇరవై రోజులూ గదిని చీకటిగా, వెచ్చగా మూసి ఉంచవచ్చు. తేమ గురించీ పెద్దగా కంగారు లేదు, సంచి లోపలి తడి సంచిలోనే ఉంటుంది.

అల్లుకున్న గడ్డి మీద పైపొరగా కేసింగ్ మట్టి వేసి, మొలకలు గుండుసూది తలల్లా పైకి తేలాక కథ మారుతుంది. పుట్టగొడుగు గొడుగు విప్పేది తన బీజాలను గాలికి వదలడానికి. నేల అడుగునో, చెత్త మధ్యనో విప్పితే అవి ఎక్కడికీ పోవు. ముందు బయటి గాలికి చేరాలి. చేరానో లేదో దానికి తెలిపే గుర్తుల్లో బొగ్గుపులుసు వాయువు ఒకటి. అది ఎక్కువగా ఉందంటే ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. అందుకని కాడను సాగదీస్తుంది, గొడుగును ఆపుతుంది. గాలి ఆడని గదిలో సన్నటి పొడవాటి కాడ, దాని మీద బొత్తామంత గొడుగు రావడానికి కారణం ఇదే. మీటరు కొనలేనివాళ్లకు ఇదే మీటరు. కాడ పొట్టిగా, దిట్టంగా ఉండి గొడుగు బాగా విప్పుకుంటే గాలి సరిపోతున్నట్టే.

ఆ దశలో గదిని 1,000 పీపీఎం దగ్గర నిలపాలంటే గంటకు 52 వేల లీటర్ల కొత్త గాలి రావాలి. అంటే గదిలోని గాలి గంటకు దాదాపు రెండుసార్లు మారాలి. 2,000 దగ్గర నిలిపితే చాలనుకుంటే 19 వేల లీటర్లు సరిపోతాయి. రెంటికీ మధ్య ఎంత తేడానో చూడండి. మన ఊహాగది ప్రకారం, చలి ముదిరిన నాలుగైదు గంటలు 2,000 దగ్గర ఓర్చుకుని, మిగతా రోజంతా ధారాళంగా గాలి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. పక్కాగా తేల్చేది మాత్రం కాడే.

పొగమంచు గాలి పొడిగాలి ఎలా అవుతుంది

చలిరాత్రి బయటి గాలి లోపలికొస్తే దాన్ని వేడెక్కించాలి. అది అందరికీ తెలిసిందే. కానీ ఖర్చులో పెద్ద వాటా దానిది కాదు.

తెల్లవారుజామున లంకల మీద, కాలవగట్ల మీద పొగమంచు పరుచుకుని ఉంటుంది. ఆ గాలి తడిసి ముద్దయినట్టు కనిపిస్తుంది. 18 డిగ్రీల దగ్గర అలాంటి గాలి వెయ్యి లీటర్లలో ఉండే నీటి ఆవిరి సుమారు 14 గ్రాములే. ఆ చల్లదనంలో అంతకంటే పెద్దగా ఎక్కువ అది మోయలేదు, అందుకే నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది. అదే గాలి గదిలోకి వచ్చి 28 డిగ్రీలకు చేరితే 27 గ్రాములు మోయగలదు. ఉన్నదేమో ఆ 14 గ్రాములే. అంటే తొంభై శాతం తేమతో వచ్చిన గాలి, వేడెక్కగానే యాభై శాతం గాలి అయిపోయింది. పుట్టగొడుగులకు కావలసింది 80, 90 శాతం. మిగతా తడిని ఆ గాలి ఎక్కడి నుంచి తీసుకుంటుంది? కేసింగ్ మట్టి నుంచి, మొలకల నుంచి. బయట మంచు కురుస్తున్న రాత్రే లోపల మట్టి ఎండిపోవడం చూసి పెంపకందారులు అయోమయపడుతుంటారు. ఇందులో వింతేమీ లేదు.

నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఎండాకాలం కొత్త కుండలో నీళ్లు చల్లబడేది అందుకే. కుండ పైపొరలోని తడి ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. మన గదిలో ఆ కుండ స్థానంలో ఉన్నవి పుట్టగొడుగుల సంచులు. గంటకు 19 వేల లీటర్ల గాలి మార్పుకు లెక్క వేస్తే, గాలిని వేడెక్కించడానికి పోయేది 65 వాట్లు, దానికి తేమ అందించడానికి పోయేది 120 వాట్లు. ఒకటికి రెండు. 52 వేల లీటర్లకైతే రెండూ కలిపి 500 వాట్లు.

దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, 2,000 దగ్గర నిలిపేటంత గాలికి అయ్యే ఖర్చు (సుమారు 185 వాట్లు) సంచులు తమంతట తామిచ్చే వేడికి (150 వాట్లు) కాస్త మాత్రమే ఎక్కువ. పుట్టగొడుగు తన ఊపిరికి అయ్యే ఖర్చును చాలావరకు తానే భరిస్తోందన్నమాట. రెండోది, నీళ్లు చల్లే పద్ధతి. రాత్రంతా మిద్దె మీది ట్యాంకులో చల్లబడిన నీళ్లను పొద్దున్నే చల్లితే గది రెండుసార్లు నష్టపోతుంది. అప్పుడే తోడిన బోరు నీళ్లు జనవరిలో కూడా 27 డిగ్రీల దగ్గర ఉంటాయి, చలిపొద్దున చేతికి వెచ్చగా తగిలేది అందుకే. చల్లేందుకు అవి వాడాలి.

కప్పు లెక్క

తలుపు గురించి ఇంత మథనపడేవాళ్లు కప్పు వైపు చూడరు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. ఎందుకంటే అసలు నష్టం ఎక్కువగా అక్కడే.

మన గది కప్పు 120 చదరపు అడుగులు. దాని మీద సిమెంటు రేకు వేస్తే, లోపల 28, బయట 18 ఉన్న వేళ ఆ రేకు గుండా పోయే వేడి 600 వాట్లకు పైనే. మబ్బులేని రాత్రి రేకు ఆకాశంలోకి కూడా వేడిని వెళ్లగక్కుతుంది కనుక ఇంకా ఎక్కువ. గాలి కోసం మనం ఖర్చుపెట్టే 185 వాట్లతో పోల్చి చూడండి. తలుపు బిగించి, కిటికీకి గుడ్డలు కుక్కి పుట్టగొడుగుల ఊపిరి ఆపినా మిగిలేది ఆ 185 మాత్రమే. రేకు మాత్రం తన 600 తాను తీసుకుంటూనే ఉంటుంది.

అరజానెడు మందాన నేసిన తాటాకు కప్పు గుండా పోయేది 60, 70 వాట్లు. పదో వంతు. ఆకుల పొరల మధ్య చిక్కుకుని కదలని గాలే ఆ రక్షణ. డెల్టాలో తరతరాలుగా ఇళ్లకు వాడిన ఈ కప్పు, వేసవిలో ఎండను ఆపినంత బాగా చలికాలంలో వేడినీ ఆపుతుంది. దానికి నిప్పు భయం ఉంది, పురుగు చేరుతుంది, రెండు మూడేళ్లకోసారి నేయాలి. ఇవి నిజమైన ఇబ్బందులే. రేకు తీయలేనివాళ్లు దాని మీద తాటాకు పరచవచ్చు, లేదా కింద రెండంగుళాల థర్మోకోల్ పలకలు బిగించి, దానికి పాలిథీన్ పట్టా కట్టవచ్చు. ఏది చేసినా నష్టం పదో వంతు దాపులకు దిగుతుంది.

రేకుతో మరో చిక్కు. వెచ్చటి తడిగాలి చల్లటి రేకును తాకి నీటిబొట్లుగా మారి సంచుల మీద పడుతుంది. తడి ఆరని గొడుగు మీద బాక్టీరియా చేరి పసుపు, గోధుమరంగు మచ్చలు వేస్తాయి. పెంపకందారు దాన్ని “తేమ ఎక్కువైంది” అనుకుని తలుపు తీస్తాడు. చలి లోపలికి వస్తుంది, రేకు ఇంకా చల్లబడుతుంది. కప్పు లోపలి వైపు వెచ్చగా ఉంటే ఈ బెడదే ఉండదు.

గోడల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మందమైన ఇటుక గోడ, మట్టి గోడ మధ్యాహ్నపు వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతాయి. పడమటి గోడకు చలికాలం ఎండ తగలనిస్తే చాలు.

కింద ఒకటి, పైన ఒకటి

బొగ్గుపులుసు వాయువు గాలికన్నా బరువైనది కాబట్టి నేలమీదే పేరుకుంటుంది, కింద కన్నం పెడితే అదే పోతుంది అని చాలామంది నమ్మకం. స్వచ్ఛమైన వాయువు విషయంలో అది నిజం. మన గదిలో ఉండేది గాలిలో కలిసిపోయిన అతి చిన్న వాటా. గాలిలో నూటికి ఒక వంతు ఈ వాయువు చేరితే పెరిగే బరువు, గాలి ఒకటిన్నర డిగ్రీలు వెచ్చబడితే తగ్గే బరువుతో సరి. సంచులు గాలిని అంతకంటే ఎక్కువే వెచ్చబరుస్తాయి. కాబట్టి వాటి నుంచి లేచే గాలి, తనలోని వాయువుతో సహా పైకే పోతుంది. దానికి దారి పైన ఉండాలి. దాని స్థానంలోకి వచ్చే కొత్త గాలికి దారి కింద ఉండాలి. రెంటిలో ఒకటే పెడితే గాలి నడవదు.

ఈ నడకకు ఫ్యాను అక్కర్లేదు. కింద, పైన నాలుగంగుళాల చదరపు కన్నాలు రెండు, వాటి మధ్య ఆరడుగుల పైచిలుకు ఎత్తు ఉంటే, లోపలికీ బయటికీ పది డిగ్రీల తేడా ఉన్నప్పుడు గంటకు సుమారు 17 వేల లీటర్ల గాలి దానంతటదే కదులుతుంది. మనకు కావలసినది దాదాపు అదే. ఈగలు రాకుండా సన్నటి వల కట్టడం తప్పనిసరి, వల గాలిని సగానికి తగ్గించగలదు. కాబట్టి కన్నాలు ఆరంగుళాలు పెట్టుకుని, జరిపే చెక్కతో కుదించుకోవడం మేలు. కింది కన్నంలోంచి వచ్చే చల్లగాలి నేరుగా మొలకలకు తగిలితే అవి ఎండి నల్లబడతాయి. దాని ఎదురుగా ఒక అడ్డుపలక ఉండాలి. ఇంటికి ఆనుకున్న గదైతే కన్నం బయటికి కాకుండా వరండాలోకి పెడితే, వచ్చే గాలి రెండు మూడు డిగ్రీలు వెచ్చగా వస్తుంది.

ఈ ఏర్పాటుకు ఒక లోపం ఉంది. లోపలికీ బయటికీ తేడా ఉన్నప్పుడే గాలి నడుస్తుంది. మధ్యాహ్నం రెండూ 28 డిగ్రీలైతే ఆగిపోతుంది. పదకొండు నుంచి నాలుగు దాకా తలుపు బార్లా తీయాల్సింది అందుకే. ఆ గాలిని వేడెక్కించే ఖర్చు లేదు. నీళ్లు మాత్రం ఒకసారి ఎక్కువ చల్లాలి.

నేలలో పాతిన గొట్టం గుండా గాలిని తెచ్చుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. లోతు నేల ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటుంది కనుక ఆలోచన మంచిదే. మెట్టలో పనికొస్తుంది. కాలవ కింది ఊళ్లలో కాస్త తవ్వితేనే నీరు పడుతుంది, గొట్టం నీళ్లతో నిండిపోతుంది.

వేడి తెచ్చుకోవాల్సి వస్తే

కప్పు సరిచేశాక కూడా గోడల నష్టంతో కలిపి ముదురు చలిరాత్రి మరో 200, 300 వాట్లు కావాలి. పది గంటలకు రెండు మూడు యూనిట్ల కరెంటు. చిన్న హీటరును కింది కన్నం దగ్గర, థర్మోస్టాట్‌తో పెడితే వచ్చే గాలి వస్తూనే వెచ్చబడుతుంది. దాని మీద వెడల్పాటి గిన్నెలో నీళ్లు ఉంచితే ఆవిరి ఖర్చును సంచులు భరించనక్కర్లేదు. తడి గదిలో కరెంటు కాబట్టి ఎర్త్ లీకేజీ బ్రేకరు లేకుండా ఏదీ పెట్టకూడదు. ఎల్ఈడీ బల్బులతో వేడి వస్తుందని ఆశపడవద్దు.

కరెంటు నమ్మకం లేని చోట ఊకపొయ్యి, కట్టెల పొయ్యి వాడవచ్చు, మంట గది బయట ఉండాలి. దీనికి నమూనా మన దగ్గరే ఉంది. దేవరపల్లి, జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో వర్జీనియా పొగాకు బ్యారన్లు చూడండి. పొయ్యి బయట మండుతుంది, పొగ ఇనప గొట్టాల్లో గది గుండా సాగి బయటికే పోతుంది, ఆకుకు తగిలేది వేడి ఒక్కటే. కింద, పైన గాలి కిటికీలు ఉంటాయి. ఆకు పసుపెక్కే దశలో వాటిని మూసి తేమ నిలుపుతారు, ఆరే దశలో క్రమంగా తెరుస్తారు, ఈనె ఎండే చివరి దశలో వేడి వృథా కాకుండా మళ్లీ మూస్తారు. బ్యారన్ దగ్గర నిద్రకాచిన మనిషికి ఈ అధ్యాయంలోని సగం సంగతులు ముందే తెలుసు. పుట్టగొడుగుల గది పెట్టేవాళ్లు అలాంటి వాళ్లను ఒకసారి అడగడం మంచిది.

ఒక్క పని మాత్రం ఎవరూ చేయకూడదు. నిప్పుల కుంపటిని, బొగ్గుల బాల్చీని గది లోపల పెట్టి తలుపు మూయకూడదు. నిప్పులు గదిలోని ప్రాణవాయువును తిని బొగ్గుపులుసు వాయువును ఇంకా పెంచుతాయి, పంటకు అది నష్టం. అంతకన్నా పెద్ద ప్రమాదం మనిషికి. సరిగా మండని బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తెల్లవారుజామున కోతకు లోపలికి వెళ్లేది ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్లే. కుంపటిని ఏ రాత్రీ ఆ గది గడప దాటనివ్వకండి.